వరి మడి, సుబాబుల్ తోట, పొగాకు బ్యారన్: మన ప్రాజెక్టుల హరితగృహ వాయువుల లెక్క ఎలా కట్టాలి?

పెన్నాతీరం (కోవూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా రైతు ఉత్పత్తిదారుల సంఘం దగ్గరకు ఈ మధ్య ఒక సంస్థ ప్రతినిధులు వచ్చారు. పెన్నా డెల్టాలో వెయ్యి ఎకరాల వరికి నీటిని ఆరగట్టి పెట్టే పద్ధతి, పడమటి మెట్ట మండలాల్లో సుబాబుల్ తోటలు, వాటితో పాటు ప్రకృతి వ్యవసాయం, ఈ మూడింటినీ కలిపి ఒకే ప్రాజెక్టుగా నడిపి, అందువల్ల తగ్గే ఉద్గారాల లెక్కను అమ్ముతామని చెప్పారు. ఎకరాకు ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన తగ్గుదల వస్తుందని ఒక కాగితం కూడా ఇచ్చారు. ఆ రెండు టన్నులు ఏ లెక్కన వచ్చాయో మాత్రం అందులో ఎక్కడా లేదు. ఒప్పందం 20 సంవత్సరాలకు. మా సభ్యుల్లో ఎక్కువ మంది రెండు మూడు ఎకరాల వారు, అందులోనూ సగం మంది కౌలుదారులు. సంతకం పెట్టకముందే ఈ అంకెను మనంతట మనమే సరిచూసుకొనే మార్గం ఉందా? తెలిసినవారు ఓపికగా వివరించగలరని ఆశిస్తున్నాను.

కొలతబద్ద (నెల్లూరు)

ఉంది. పెన్నాతీరం గారు అడిగిన ప్రశ్నకు తగిన పనిముట్టును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. దాని పేరు ఎక్స్-యాక్ట్. ఎక్సెల్ పట్టిక రూపంలో ఉంటుంది. పని మొదలుకాక ముందే, ఈ ప్రాజెక్టు వల్ల ఎంత ఉద్గారం తగ్గవచ్చో, ఎంత కర్బనం నేలలో, చెట్లలో నిలవవచ్చో అంచనా వేయడం దాని ఉద్దేశం. అందులోని గుణకాలలో ఎక్కువ భాగం వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, 2006లో వెలువరించి 2019లో సవరించిన మార్గదర్శకాల నుంచి తీసుకున్నవి. ప్రపంచానికో, ఒక ప్రాంతానికో కలిపి ఇచ్చిన సగటు గుణకాన్ని వాడితే దాన్ని టైర్ 1 అంటారు. మన నేల మీద కొలిచిన అంకె ఉంటే దాన్ని వేసుకోవచ్చు, అది టైర్ 2.

పనిముట్టు కన్నా ముందు దాని వెనుక ఉన్న పద్ధతి తెలియాలి. ప్రతి అంశానికీ మూడు గడులు ఉంటాయి: ఇప్పుడున్న స్థితి, ప్రాజెక్టు లేకపోతే కొన్నేళ్ళకు ఏర్పడే స్థితి, ప్రాజెక్టు ఉంటే ఏర్పడే స్థితి. ఫలితం అంటే చివరి రెండింటి మధ్య తేడా. ఇప్పటికీ, ప్రాజెక్టు వచ్చిన తరువాతకూ మధ్య తేడాను ఫలితంగా చూపించే కాగితాలు చాలా తిరుగుతున్నాయి, అది సరైన లెక్క కాదు. ప్రాజెక్టు రాకపోయినా జరిగిపోయే మార్పును ప్రాజెక్టు ఖాతాలో వేసుకోకూడదు. ఈ రెండో గడిని నింపే అధికారం ఎవరి చేతిలో ఉంటే అంకె వారి చేతిలో ఉన్నట్టే. అందుకే దాన్ని మన ఊళ్ళలోనే కూర్చుని నింపుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఇక వరి. నీరు నిలిచిన మడిలో గాలి ఆడక, సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని మీథేన్‌గా మారుస్తాయి. దక్షిణాసియాకు 2019 సవరణ ఇచ్చిన గుణకం హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్. నాటు నుంచి కోత దాకా 110 రోజులు అనుకుందాం, మడి ఎప్పుడూ నీటితోనే ఉంటే 93.5 కిలోలు అవుతుంది. పంటకాలంలో పలుమార్లు ఆరగడితే దాన్ని 0.55తో హెచ్చించాలి, 51.4 కిలోలకు దిగుతుంది. తేడా దాదాపు 42 కిలోలు. వందేళ్ళ కాలానికి మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లుగా లెక్కిస్తే హెక్టారుకు 1,178 కిలోలు. ఇక్కడితో ఆగితే లెక్క సగమే అయినట్టు, ఎందుకంటే ఆరిన నేలలో నత్రజని నుంచి నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. హెక్టారుకు 120 కిలోల నత్రజని వేస్తే ఈ పెరుగుదల సుమారు 100 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. అది తీసేస్తే మిగిలేది హెక్టారుకు 1,078 కిలోలు, అంటే ఎకరాకు దాదాపు 436 కిలోలు. రెండు టన్నులు కాదు, అర టన్ను కూడా కాదు. ఇది కూడా అన్ని మడులూ, ప్రతిసారీ, చెప్పినట్టే ఆరితేనే.

ఎడగారు (ఇందుకూరుపేట)

కొలతబద్ద గారి లెక్క స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. అయితే అన్ని మడులూ ఆరితేనే అన్న మాట దగ్గర నేను కొంత చెప్పవలసి ఉంది, ఎందుకంటే మా డెల్టాలో నీరు ఆరగట్టడం ఒక్క రైతు ఇష్టం మీద జరిగేది కాదు.

మా పంట కాలువ కింద నీరు మడి నుంచి మడికి పారుతుంది. పై మడి రైతు గెనెం, అంటే మడి గట్టు, తెంచితేనే కింది మడికి నీళ్ళు. నేను నా మడిని ఆరగట్టాలన్నా, కింది రైతు నాట్లు ఆలస్యమై ఉంటే అతనికి కావలసిన నీరు నా మడిలోంచే పోవాలి. పైగా మా ప్రధాన పంట రబీ. అక్టోబరు చివర, నవంబరులో నాట్లు పడే సమయానికి ఈశాన్య రుతుపవనాలు, వాటి వెంట వాయుగుండాలు వస్తాయి. ఆ నెలల్లో మడిని ఎండబెట్టడం మా చేతిలో ఉండదు, మురుగు కాలువలు లాగకపోతే నీరు దిగేది కూడా ఉండదు. జనవరి, ఫిబ్రవరిలో ఆరగట్టవచ్చు, కానీ అప్పటికి పైరు పొట్ట మీద ఉంటుంది, ఈనిక సమయంలో నీరు తగ్గిస్తే తాలు పోతుందని ఎవరూ సాహసించరు. నికరంగా ఒక్కసారి ఆరగట్టగలిగితే అదే గొప్ప.

ఇంకొక సంగతి. కాలువ చివరి ఆయకట్టులో వంతు నీరు సరిగా అందక చాలా మడులు వాటంతట అవే ఆరుతూ తడుస్తూ ఉంటాయి. ఆ ఎకరాలను కూడా ప్రాజెక్టులో చేర్చి, అవి ఇప్పటిదాకా ఎప్పుడూ నీటిలోనే ఉన్నాయని కాగితం మీద రాస్తే, జరగని తగ్గుదలను అమ్మినట్టు అవుతుంది. ఆ అబద్ధం మీద మా పేర్లు ఉండడం నాకు సమ్మతం కాదు.

కొలతబద్ద (నెల్లూరు)

ఎడగారు గారు చెప్పిన రెండు విషయాలూ నేరుగా పట్టికలోకి వెళ్తాయి. ఒక్కసారి మాత్రమే ఆరగడితే గుణకం 0.71. అప్పుడు నైట్రస్ ఆక్సైడ్ తీసివేయగా హెక్టారుకు 660 కిలోలు, ఎకరాకు 267 కిలోలు మిగులుతాయి. వెయ్యి ఎకరాల్లో సగానికి మాత్రమే ఇది సాధ్యమైతే మొత్తం ఏడాదికి 133 టన్నులు. సంస్థ కాగితం ప్రకారం వెయ్యి ఎకరాలకు రెండు వేల టన్నులు రావాలి. తేడా పదిహేను రెట్లు ఉన్నదంటే, అది గుణకంలో వచ్చింది కాదు, మడిలో ఏం జరుగుతుందో అడగకపోవడం వల్ల వచ్చింది.

మీ పేరే గుర్తు చేసింది కాబట్టి ఒకటి అడుగుతాను. ఎడగారుకు, అంటే రబీ కోత తరువాత వేసే రెండో వరి పంటకు, మీరు దుక్కి ఎప్పుడు చేస్తారు? రబీ కోతకు, ఎడగారు నాట్లకు మధ్య ఎన్ని రోజులు ఉంటుంది? గడ్డిని ఏం చేస్తారు?

ఎడగారు (ఇందుకూరుపేట)

యంత్రంతో కోసిన మడిలో గడ్డిని మోపులు కట్టేవారు వచ్చినచోట కొంత పోతుంది, మిగిలిన గడ్డీ, మోళ్ళూ నేలలోనే ఉంటాయి. సోమశిల జలాశయం నీరు వదులుతారని సాగునీటి సలహా మండలి సమావేశంలో తేలగానే అందరూ ఒక్కసారిగా నీరు పెట్టి దమ్ము చేస్తారు. కోతకూ దమ్ముకూ మధ్య రెండు మూడు వారాలే ఉండే పొలాలు చాలా ఉన్నాయి. నీళ్ళు పెట్టి మోళ్ళను తొక్కించేస్తాం. నీరు లేని ఏడాది ఎడగారే ఉండదు.

కొలతబద్ద (నెల్లూరు)

అసలు లెక్క ఇక్కడే ఉందని నా అనుమానం. గడ్డిని నేలలో కలిపిన తరువాత 30 రోజుల లోపు నాటు వేస్తే, అది మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులకు తాజా మేత అవుతుంది. ఐపీసీసీ సూత్రం ప్రకారం, గడ్డి టన్నులను ఒక గుణకంతో హెచ్చించి, దానికి ఒకటి కలిపి, 0.59 ఘాతానికి పెంచాలి. 30 రోజుల లోపు అయితే ఆ గుణకం 1, దాటితే 0.19. హెక్టారుకు మూడు టన్నుల ఎండు గడ్డి, మోళ్ళు కలిశాయనుకుంటే, మొదటి సందర్భంలో మీథేన్ 2.27 రెట్లవుతుంది, రెండో సందర్భంలో 1.3 రెట్లు మాత్రమే. 93.5 కిలోల మీథేన్ మొదటి దారిలో 212 కిలోలకు, రెండో దారిలో 122 కిలోలకు చేరుతుంది. 90 కిలోల తేడాను 28తో హెచ్చించండి, హెక్టారుకు రెండున్నర టన్నులు, ఎకరాకు ఒక టన్ను. మడిని ఆరగట్టడానికి పైపులు పాతి నీటి మట్టం చూసుకుంటూ చేసే కష్టం కన్నా, గడ్డిని ముందే ఆరు నేలలో దున్ని నెల రోజులు కుళ్ళనివ్వడం లేదా మోపులు కట్టి పశువులకు తరలించడం ఎడగారు మడిలో రెండింతల ఫలితాన్ని ఇస్తుందన్నమాట. సంస్థ కాగితంలో ఈ ఊసే లేకపోవడం విచారకరం.

అయితే ఎడగారు ప్రతి ఏటా ఉండదు. ప్రాజెక్టు లేని స్థితిలోనూ, ఉన్న స్థితిలోనూ గడిచిన పదేళ్ళలో ఎన్ని సంవత్సరాలు ఎడగారుకు నీరిచ్చారో చూసి, ఆ నిష్పత్తిలోనే విస్తీర్ణం వేయాలి. సోమశిల నిండు సామర్థ్యం 78 టీఎంసీలు, కానీ నిండు కుండను చూసి ఇరవై ఏళ్ళ లెక్క వేయలేం.

మట్టిపరీక్ష (ఒంగోలు)

వరి సంగతి తేలింది కాబట్టి నేల కర్బనం గురించి నాకు తెలిసింది చెబుతాను. ప్రకృతి వ్యవసాయం పేరుతో వచ్చే టన్నులన్నీ దాదాపు ఈ గడి నుంచే వస్తాయి, అందులో ఒక్క ఎంపిక మారితే ఫలితం తొమ్మిది రెట్లు మారుతుంది.

మన ఒంగోలు వైపు శనగ పండే నల్లరేగడిని తీసుకోండి. 2006 మార్గదర్శకాల ప్రకారం పొడి ఉష్ణమండలంలో ఇలాంటి బంకమట్టి నేలకు, సాగు లేని స్థితిలో, పై 30 సెంటీమీటర్లలో హెక్టారుకు 38 టన్నుల కర్బనం ఉంటుందని అనుకోవాలి. దీర్ఘకాలం సాగు చేసిన నేలకు దాన్ని 0.58తో హెచ్చిస్తే 22 టన్నులు మిగులుతుంది. ఇక సేంద్రియ పదార్థం ఎంత చేరుతోందన్న గడి ఉంటుంది. మధ్యస్థం అంటే 1. పచ్చిరొట్ట, కప్పు పంటల వంటివి ఎక్కువగా వేసి పశువుల ఎరువు వేయకపోతే 1.04. వాటితో పాటు పశువుల ఎరువు కూడా క్రమం తప్పకుండా వేస్తే 1.37. మధ్యస్థం నుంచి 1.04కు మారితే 20 ఏళ్ళలో పెరిగేది 0.88 టన్నుల కర్బనం, కార్బన్ డయాక్సైడ్‌గా మారిస్తే హెక్టారుకు ఏడాదికి 0.16 టన్నులు. 1.37కు మారితే ఏడాదికి ఒకటిన్నర టన్నులు. పట్టికలో పక్కపక్కన ఉన్న రెండు మాటల్లో ఏది ఎంచుకున్నారన్నదే ఇంత తేడా తెస్తుంది.

ఇంకా ఒకటి. టైర్ 1 చెప్పే 22 టన్నులను మన నేల మీద సరిచూసుకోవాలి. భూసార పరీక్ష పత్రంలో సేంద్రియ కర్బనం 0.4 శాతం అని వస్తుంది. ఆ శాతాన్ని టన్నులుగా మార్చాలంటే లోతు, మట్టి సాంద్రత రెండూ కావాలి. ఘనపు మీటరుకు 1.3 టన్నుల సాంద్రత, 30 సెంటీమీటర్ల లోతు అనుకుంటే 0.4 శాతం అంటే 15.6 టన్నులు. కార్డు కోసం తీసే నమూనా సాధారణంగా 15 సెంటీమీటర్ల వరకే ఉంటుంది, సాంద్రత ఎవరూ కొలవరు. అందువల్ల భూసార కార్డులను కర్బన లెక్కకు నేరుగా వాడటం తగదు. 0.4 నుంచి 0.45 శాతానికి పెరిగిందని చెప్పడం సులభం, అదే పొలంలో రెండు చోట్ల తీసిన రెండు నమూనాల మధ్యే అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. మార్పును నమ్మకంగా చూపాలంటే గుర్తించిన అవే చోట్ల, అదే నెలలో, ఎక్కువ నమూనాలు తీయాలి, అయిదేళ్ళైనా ఆగాలి.

జీవామృతం (కనిగిరి)

మట్టిపరీక్ష గారు చెప్పినది శాస్త్రమే కావచ్చు, కాని క్షేత్రంలో మహిళా సంఘాలతో పనిచేస్తున్న నాకు బాధ కలిగిస్తున్న విషయం ఒకటి ఉంది. మా అక్కచెల్లెళ్ళు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, ఏడాది పొడవునా నేల మీద పచ్చదనం ఉంచడానికి ఎండలో పడే శ్రమను 0.16 టన్నులు అంటే ఎలా? నేల గుల్లబారి వానపాములు కనిపిస్తున్నాయి, వాన పడితే నీరు ఇంకుతోంది. యూరియా బస్తా మానేశారు, దాని లెక్క ఎక్కడ?

మట్టిపరీక్ష (ఒంగోలు)

అక్కా, మీ ప్రశ్న న్యాయమైనది. యూరియా లెక్క వేరే గడిలో ఉంది, అది మీకు తప్పకుండా రావాలి. 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. మెట్ట పొలంలో అందులో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని ఐపీసీసీ అంచనా, అది 86 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. యూరియా కరిగేటప్పుడు దానిలోని కర్బనం విడుదలై మరో 33 కిలోలు. అంటే పొలంలోనే బస్తాకు దాదాపు 120 కిలోలు, కర్మాగారంలో తయారీకి అయ్యేది అదనం. ఎకరాకు రెండు బస్తాలు మానేస్తే పావు టన్ను దాకా వస్తుంది. ఇది కొలవడం సులభం, కాదనడం కష్టం. అందుకే మీ సంఘాలకు నేల కర్బనం కన్నా ఎరువుల కొనుగోలు రసీదులే బలమైన ఆధారం. వేసిన ఎరువులోని నత్రజని కూడా లెక్కకు వస్తుంది కాబట్టి, పెంట ఎరువు ఎంత వేశారో కూడా రాసి ఉంచండి.

నవధాన్యాల కప్పు ఉన్నంత మాత్రాన 1.04 వస్తుంది. సొంత పశువులుండి ఏటా బండ్ల కొద్దీ పెంట తోలే ఇళ్ళకు 1.37 వేయడంలో నాకు అభ్యంతరం లేదు. ఎకరాకు నాలుగు వందల కిలోల ఘన జీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు) మాత్రమే వేసే పొలాన్ని అదే వర్గంలో పెట్టడానికి మాత్రం మనసొప్పదు. ఇంటింటికీ విడదీసి రాస్తే అందరికీ మేలు. పక్క పొలంలో పడవలసిన పెంటను కొని తెచ్చి మన పొలంలో వేస్తే మన నేల పెరిగినంత అక్కడ తరుగుతుందని కూడా గమనించాలి.

వానపాములు, ఇంకే నీరు, రైతు ఖర్చు తగ్గడం ఇవన్నీ విలువైనవే. టన్నులలోకి రావు కాబట్టి అవి లేవని ఎవరూ అనరు. టన్నులను ఎక్కువ చేసి చూపిస్తేనే వాటికి విలువ వస్తుందని అనుకోనక్కరలేదు.

కొలతబద్ద (నెల్లూరు)

దీనికి అనుబంధంగా ఒక చిన్న హెచ్చరిక. ఇలాంటి ప్రాజెక్టులలో పశువుల పంపిణీని కూడా కలుపుతుంటారు. ఒక గేదె నెమరు వల్ల ఏడాదికి 55 కిలోల మీథేన్ వస్తుందని 2006 మార్గదర్శకాల టైర్ 1 గుణకం, అంటే 1.54 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. జిల్లాలో మందల సంఖ్య నిజంగా పెరిగితే, ఒక్కో గేదె మూడున్నర ఎకరాల వరి తగ్గుదలను తినేస్తుంది. సంతలో ఒక రైతు నుంచి మరో రైతుకు మారిన గేదె అయితే లెక్కలోకి రాదు. పశువులు వద్దని నేను అనడం లేదు, గడిని ఖాళీగా వదలవద్దని అంటున్నాను.

మెట్టరైతు (పొదిలి)

మా వైపు సంగతులు కూడా చెప్పనివ్వండి. సుబాబుల్, జామాయిల్ మాకు కొత్త కాదు, కాగితం మిల్లులకు కట్టె తోలుతూ ఎన్నో ఏళ్ళుగా బతుకుతున్నాం. ఎకరాకు 30 టన్నుల పచ్చి కట్టె వస్తుందని, నాలుగేళ్ళకు ఒకసారి నరుకుడు కాబట్టి 20 ఏళ్ళలో అయిదు నరుకుళ్ళు లెక్కించి, ఎకరాకు 130 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందని ఆ సంస్థ వారే మా మండలంలో కూడా చెప్పారు. కట్టె మిల్లుకు పోయాక అందులోని కర్బనం ఏమవుతుందని అడిగితే జవాబు రాలేదు.

వర్జీనియా పొగాకు బ్యారన్‌ల గురించి, అంటే ఆకును కట్టె వేడితో ఆరబెట్టే (క్యూరింగ్ చేసే) గదుల గురించి కూడా అడగాలి. కిలో ఆకు క్యూరింగ్‌కు నాలుగైదు కిలోల కట్టె కాలుతుంది. దాన్ని తగ్గిస్తే లెక్కలోకి వస్తుందా?

అడవిదారి (గిద్దలూరు)

అటవీ పనిలో చాలా కాలం ఉన్నవాడిని కాబట్టి కట్టె గురించి నేను చెబుతాను.

30 టన్నుల పచ్చి కట్టె ఎండితే 15 టన్నులనుకుందాం. అందులో కర్బనం 47 శాతం, అంటే 7 టన్నులు, కార్బన్ డయాక్సైడ్‌గా దాదాపు 26 టన్నులు. అయిదు నరుకుళ్ళకు 130 అని చెప్పడం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు ఇప్పుడు కనిపిస్తుంది. కాని వాతావరణానికి కావలసింది ఎంత పెరిగింది అన్నది కాదు, ఏ సమయంలో చూసినా సగటున ఎంత నిలిచి ఉంది అన్నది. నాటిన రోజు సున్నా, నరికే రోజు 26, నరికాక మళ్ళీ సున్నా. సగటు 13. ఈ 13 టన్నులు మొదటి విడతలో ఒక్కసారే వస్తాయి, రెండో నరుకుడుకు మళ్ళీ రావు. వేళ్ళు, మొద్దు కలిపితే ఇంకొంత పెరుగుతుంది, అంతే. కట్టె కాగితమైతే కర్బనం ఎక్కువ కాలం ఆగదు, ఐపీసీసీ లెక్కలో అందులోని కర్బనం సగానికి తగ్గడానికి పట్టే కాలం కాగితానికి రెండేళ్ళు, కోసిన దూలాలకు 35 ఏళ్ళు. అందువల్ల పొలం గట్ల మీద వేప, టేకు పెంచి పాతికేళ్ళు ఉంచే రైతు ఎకరాకు తక్కువ చెట్లు పెంచినా, వాతావరణం దృష్టిలో అతని పనే మేలు.

రెండో విషయం ఇంకా ముఖ్యం. సుబాబుల్ వేయబోయే నేల ఇప్పుడు ఏమిటి? కంది, పొగాకు వేసే చేను అయితే పైన చెప్పిన లెక్క సరిపోతుంది. మన మెట్టలో చాలా బీళ్ళు చిల్లచెట్లతో, అంటే సర్కారు తుమ్మతో నిండి ఉన్నాయి. పొక్లెయిన్‌తో వాటిని పెకలించి తోట వేస్తామంటే, వాటిలో ఉన్న కర్బనం ప్రాజెక్టు ఖాతాలో ఉద్గారంగా పడాలి. ఎకరాకు పది టన్నుల ఎండు కట్టె ఉన్నదనుకుంటే అది 17 టన్నుల కార్బన్ డయాక్సైడ్. సుబాబుల్ సగటు 13. అంటే ఆ తోట మొదలే నష్టంతో మొదలవుతుంది.

అయితే ఆ చిల్లచెట్లను ప్రాజెక్టు లేకపోయినా బొగ్గు బట్టీల కోసం మూడు నాలుగేళ్ళకు ఒకసారి నరుకుతూనే ఉంటే, వాటికి కూడా సగటే వేయాలి, అప్పుడు నష్టం తగ్గుతుంది. బట్టీ నుంచి మీథేన్ కూడా వస్తుంది కాబట్టి బట్టీ ఆగితే కొంత లాభం. ఏ ఊళ్ళో ఏ బీడును ఎవరు ఎప్పుడు నరుకుతున్నారో ఉపగ్రహ చిత్రం సగం చెబుతుంది, మిగతా సగం ఆ ఊరి మేకల కాపరులే చెప్పగలరు. వారిని అడగకుండా రాసిన రెండో గడిని నేను నమ్మను. మేకలకు మేత పోతే అవి నల్లమల అంచులకు వెళ్తాయి, అక్కడ జరిగే నష్టం కూడా ఈ ప్రాజెక్టుదే.

కొలతబద్ద (నెల్లూరు)

అడవిదారి గారు చెప్పిన దానికి బ్యారన్ లెక్కను కలుపుతాను. ఒక బ్యారన్‌లో ఏడాదికి 30 క్వింటాళ్ళ ఆకు క్యూరింగ్ చేస్తే, కిలోకు నాలుగున్నర కిలోల చొప్పున 13.5 టన్నుల కట్టె. టన్ను కట్టెకు దాదాపు 1.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి మొత్తం 23 టన్నులు దాటుతుంది. మెరుగైన కొలిమి, గోడలకూ పైకప్పుకూ వేడి పోని ఏర్పాటు చేసి పావు వంతు కట్టె మిగిలిస్తే ఆరు టన్నులు తగ్గినట్టు కనిపిస్తుంది. ఒక్క బ్యారన్‌కు ఆరు టన్నులంటే, పదమూడు పద్నాలుగు ఎకరాల వరిలో పలుమార్లు నీరు ఆరగట్టినంత.

కాని ఆ కట్టె ఎక్కడిది? నరికిన చోట మళ్ళీ చిగురించే సుబాబుల్‌దో చిల్లచెట్లదో అయితే, పొగలో పోయినది మళ్ళీ చెట్టులోకి వస్తుంది, దాని కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కించకూడదు. తిరిగి పెరగని అడవి కట్టె వాటాను మాత్రమే లెక్కించాలి. ఆ వాటా సగమైతే మూడు టన్నులు, పదో వంతయితే అర టన్నుకు కొద్దిగా పైన. ఇక్కడ కూడా కట్టె అడితీల దగ్గర రెండు సీజన్లు విచారిస్తేనే అంకె నిలుస్తుంది. మెట్టరైతు గారూ, మీ మండలంలో ఏ కట్టె ఎక్కువగా వస్తోంది?

మెట్టరైతు (పొదిలి)

ఇప్పుడు ఎక్కువగా వచ్చేది సుబాబుల్, జామాయిల్ మొద్దులు, చిల్లకట్టె. మామిడి, నిమ్మ తోటలు తీసేసినప్పుడు ఆ కట్టె కూడా వస్తుంది. అడవి కట్టె గురించి బహిరంగంగా ఎవరూ చెప్పరు, తక్కువే అనుకుంటున్నాను. అంటే లెక్కలో మాకు వచ్చేది తక్కువే అవుతుంది. అయినా కట్టె ఖర్చు తగ్గితే అది రైతుకు నికరమైన లాభమే, దానికి ఎవరి టన్నులూ అవసరం లేదు.

పెన్నాతీరం (కోవూరు)

అందరికీ కృతజ్ఞతలు. మా దగ్గర కొందరు సభ్యులకు రొయ్యల చెరువులు కూడా ఉన్నాయి. ఏరేటర్లకు అయ్యే కరెంటు దీనిలోకి వస్తుందా? మరొక ప్రశ్న, కౌలుదారుల సంగతి ఏమిటి? 20 ఏళ్ళ ఒప్పందంపై సంతకం పెట్టేది భూమి యజమాని, గెనెం మీద నిలబడి నీరు కట్టేది కౌలు రైతు.

కొలతబద్ద (నెల్లూరు)

చెరువుల కరెంటు తప్పక వస్తుంది. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే సరిపోతుంది, బిల్లులు చాలు. డీజిల్ అయితే లీటరుకు 2.7 కిలోలు.

కౌలు ప్రశ్నకు లెక్కలోనే సమాధానం ఉండాలి. ఎక్స్-యాక్ట్‌లో ప్రాజెక్టు కాలాన్ని రెండుగా విడదీస్తారు: పనులు నడిచే కొన్నేళ్ళు, ఆ తరువాత ఫలితం నిలిచే కాలం, రెండూ కలిపి సాధారణంగా 20 ఏళ్ళు. నేల కర్బనం కొత్త స్థితికి చేరడానికి 20 ఏళ్ళు పడుతుందన్న ఐపీసీసీ ఊహ దీనికి మూలం. కౌలు మారగానే పద్ధతి మారిపోయే ఎకరాలకు ఫలితం నిలిచే కాలాన్ని పూర్తిగా వేయడం సరికాదు. మీథేన్ తగ్గుదల ఏ ఏటికి ఆ ఏడు జరిగిపోతుంది, అది వెనక్కి రాదు, కాబట్టి కౌలు రైతుకు ఏటా చెల్లించే ఏర్పాటు న్యాయం. నేల కర్బనం, చెట్లు అలా కాదు, అయిదో ఏట లోతుగా దున్నితే లేదా నరికితే అప్పటిదాకా చేరినది పోతుంది. ఈ రెండింటినీ ఒకే ధరకు, ఒకే ఒప్పందంలో కలిపినందువల్లే ఆ కాగితంలో రెండు టన్నులన్న గుండ్రటి అంకె పుట్టిందని నా అభిప్రాయం. సంతకానికి ముందు వరి, ఎరువులు, నేల, చెట్లు, కట్టె వేరువేరుగా, ప్రతిదానికీ తక్కువ అంచనా, ఎక్కువ అంచనా రెండూ రాసి ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగండి. ఏ గుణకం ఎక్కడి నుంచి తీసుకున్నారో, మీథేన్‌ను ఎన్ని రెట్లుగా లెక్కించారో కూడా అడగండి. ఇరవై ఏళ్ళ కాలానికి లెక్కిస్తే మీథేన్ 80 రెట్లు దాటుతుంది, ఆ అంకెను చెప్పకుండా వాడితే వరి ఫలితం మూడింతలుగా కనిపిస్తుంది.

ఎడగారు (ఇందుకూరుపేట)

మా కాలువ కింద నీరు వదిలిన తేదీలు, ఎడగారుకు అనుమతి ఇచ్చిన సంవత్సరాలు నీటి సంఘం పుస్తకంలో ఉన్నాయి. వచ్చే వారం వాటిని ఫోటో తీసి ఇక్కడ పెడతాను. తల, మధ్య, చివరి ఆయకట్టు నుంచి పది చొప్పున మడులు ఎంచుకొని, పోయిన రబీలో ఏ మడి ఎన్నిసార్లు ఆరిందో రైతులనే అడిగి రాసుకుంటాం, కౌలుదారులను ముందుగా అడుగుతాం. గడ్డి ఎన్ని మోపులు పోయిందో యంత్రం వారి దగ్గర లెక్క ఉంటుంది. కొలతబద్ద గారు పట్టికలో ఆ రెండో గడిని మాకు ఖాళీగా పంపితే చాలు.